కర్తరి లేని మే నెల

భవనాలలోని వేడిని లెక్కగట్టడం నా వృత్తి. గోడ ఎంత మందం ఉండాలి, కిటికీ ఏ దిక్కుకు తెరవాలి, మిద్దె మీద పడిన ఎండ ఎంతసేపటికి కింద పడుకున్న మనిషిని చేరుతుంది, ఆ వేడిని తోడిపోయడానికి ఎంత యంత్రం, ఎంత కరెంటు కావాలి? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పి జీవితమంతా జీతం తీసుకున్నాను. నేడు ఈ పనిలోకి వస్తున్నవారికి ఊరి పేరు చెబితే చాలు, ఆ ఊరి వాతావరణం సంవత్సరంలోని ప్రతి గంటకూ కంప్యూటరు తెర మీద పరుచుకుంటుంది. ఆ సౌకర్యాన్ని నేను తప్పుపట్టడం లేదు. కాని ఆ గంటలు ఎక్కడినుంచి వచ్చాయో, వాటిని ఎవరు కొలిచారో, ఎవరు కొలవలేదో అడగకుండా వాడుకోవడం విద్యావంతుని లక్షణం కాదు. దీనిని నేను పుస్తకాలలో నేర్చుకోలేదు. తిరుపతిలో ఒక ప్రసూతి ఆసుపత్రి కట్టే సందర్భంలో నేర్చుకున్నాను. ఉద్యోగంలో నేను ఎక్కిన మెట్లు మీకు ఉపయోగపడవు, ఇది ఉపయోగపడవచ్చు.

పలమనేరులో మద్రాసు ఎండ

నేను చేరినది తిరుపతిలోని ఒక చిన్న సలహా సంస్థ. దాని యజమాని నరసింహారెడ్డి గారు. చంద్రగిరి వైపు రైతు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదివి, కొంతకాలం బొంబాయిలో శీతల యంత్రాల పని చేసి, సొంత ఊరి గాలి లేనిదే నిద్రపట్టక తిరిగి వచ్చిన మనిషి. ఆయనలో కోపం ముందు నడిచేది, న్యాయం వెనుక వచ్చేది. వెనుకనైనా తప్పక వచ్చేది. అంతకంటే మంచి పై అధికారి నాకు దొరకలేదు.

డెబ్బైల చివరలో పలమనేరులో ఒక పాల వ్యాపారికి శీతల గది కట్టించాము. యంత్రం పరిమాణం నిర్ణయించడానికి ఆ ఊరి వేడి, తేమ తెలియాలి. మా దగ్గర ఉన్న గ్రంథాలలో పలమనేరు లేదు, చిత్తూరు లేదు, తిరుపతి లేదు. మద్రాసు ఉంది. అందరూ చేసే పనే మేమూ చేశాము. మద్రాసు అంకెలు వేసి, దానికి తగిన పెద్ద యంత్రం బిగించాము.

కొన్ని వారాలకే ఆ వ్యాపారి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.

"సార్, మీ మిషను దగ్గొచ్చిన ముసలాయన మాదిరి ఉండాది. లేస్తాది, గురగురమంటాది, మళ్ళా పండుకుంటాది. గోడలంతా చెమట. పాల క్యాన్ల మీద బూజు!"

మేము వెళ్ళి చూశాము. యంత్రంలో లోపం ఏమీ లేదు. అవసరానికి మించి పెద్దది కావడం వలన గదిని క్షణంలో చల్లబరచి ఆగిపోతోంది. గాలిలోని తేమను పిండడానికి కావలసినంత సేపు నడవడం లేదు. సాయంత్రం ఆ మిట్ట మీద వీచే చల్లగాలికి భుజాలు ముడుచుకుని నిలబడి నరసింహారెడ్డి గారు నాతో అన్నారు: "మద్రాసు ఎండను మూటగట్టి తెచ్చి ఈడ కాపించినాం గదప్పా! పలమనేరోడు బెంగుళూరు గాలి పీల్చుకుంటా ఉంటే, మనం వాడికి మెరీనా ఉక్క లెక్కగట్టినాం."

ఆ యంత్రాన్ని ఆయన తన ఖర్చుతోనే మార్పించారు. ఆ రోజునుంచి మా ఆఫీసులో ఒక నియమం ఏర్పడింది: వాతావరణాన్ని అరువు తేకూడదు. ఏ ఊరిలో కడితే ఆ ఊరిలో, వీలైతే ఆ స్థలంలోనే కొలవాలి. నియమం మంచిదే. అయితే ఒక తప్పును సరిదిద్దడానికి పుట్టిన నియమం మీద మనకు గుడ్డి నమ్మకం కలుగుతుంది. మా రెండవ తప్పు ఆ నమ్మకంలోనుంచే పుట్టింది.

ఎన్నడూ గడవని సంవత్సరం

తిరుపతిలో ఒక ధర్మసంస్థ నడిపే ప్రసూతి ఆసుపత్రి ఉండేది. పేరు చెప్పను. పాత వార్డుకు రేకుల కప్పు. కొత్త భవనం కట్టాలని ట్రస్టు నిశ్చయించింది. ట్రస్టు అధ్యక్షుడు మునిరత్నం శెట్టిగారు, ధాన్యం వ్యాపారి, మాట ఇస్తే తప్పని మనిషి. వార్డు పెద్ద డాక్టర్ కమలమ్మగారు, చిత్తూరు ఆడపడుచు. ఆమె అడిగినది ఒక్కటే. వేసవిలో పగటిపూట కరెంటు పోతుంది. ఏసీని నమ్ముకుని గది కడితే, కరెంటు పోయిన మరుక్షణం అది పొయ్యి అవుతుంది. కాబట్టి యంత్రం లేకుండా, భవనం తన గోడలతో, తన కప్పుతో, నెల తక్కువ బిడ్డలను కాపాడగలదా? కాపాడగలదని మేము ధైర్యంగా చెబితే ఒక విధంగా కడతారు. కాపాడలేదంటే మరో విధంగా. ఇంజనీరు చెప్పే మాట మీద పసిబిడ్డ ప్రాణం ఆధారపడి ఉన్న పని నాకు అంతకుముందు తగల్లేదు.

స్థలం ముందుగానే కొన్నారు. ప్రహరీ, సిబ్బంది ఇళ్ళు మెల్లగా లేస్తున్నాయి. కొత్త నియమం ప్రకారం నరసింహారెడ్డి గారు ఆ స్థలంలో, తెల్లరంగు వేసిన చెక్క గూటిలో, ఉష్ణోగ్రతను తనంతట తాను గీసుకునే యంత్రం పెట్టించారు. తిరిగే డబ్బాకు చుట్టిన కాగితం మీద సిరా ముల్లు గీత గీస్తుంది. వారానికొకసారి గడియారానికి ఇచ్చినట్లు కీ ఇచ్చి కాగితం మార్చాలి. ఆ పని స్థలంలోని గుమాస్తా చేసేవాడు. అలా మూడేళ్ళ కాగితాలు పోగయ్యాయి.

ఆ కాగితాలను అంకెలుగా మార్చే పని సుదర్శనానికి అప్పగించారు. అతడు మాకు కొత్తగా చేరిన ఇంజనీరు. ఆలయ సేవలో ఉన్న వైష్ణవ కుటుంబంలోని వాడు. నుదుట నామం, చేతిలో లెక్కలు కట్టే స్లైడు రూలు. చెప్పిన పనిని చెప్పిన విధంగా చేసేవాడు.

ఇక్కడ ఒక మాట వివరించాలి. భవనంలోని వేడిని గంటగంటకూ లెక్కించాలంటే ఒక పూర్తి సంవత్సరపు వాతావరణం కావాలి. ఏ సంవత్సరం తీసుకోవాలి? ఒక ఏడు వానలు ఎక్కువ, మరో ఏడు ఎండలు ఎక్కువ. అందుకని పెద్దలు ఒక పద్ధతి ఏర్పరిచారు. అన్ని సంవత్సరాల జనవరులనూ పక్కపక్కన పెట్టి, వాటిలో మిగిలినవాటి నడవడికకు అత్యంత దగ్గరగా ఉన్న జనవరిని ఎంచుకుంటారు. ఫిబ్రవరిని మరొక సంవత్సరంనుంచి, మార్చిని ఇంకొక సంవత్సరంనుంచి. ఆ పన్నెండు నెలలనూ కుట్టి ఒక నమూనా సంవత్సరం తయారు చేస్తారు. అటువంటి సంవత్సరం ఎన్నడూ గడవలేదు. అయినా ఊరి స్వభావం అందులో కనబడుతుంది. మా ఇంటివాళ్ళు ఇలా ఉంటారని చూపించడానికి మరీ కోపిష్ఠినీ కాక, మరీ మౌనినీ కాక, నడిమివాడిని సభకు పంపినట్లు.

మూడేళ్ళ కాగితాలలో అక్కడక్కడ ఖాళీలు ఉన్నాయి. పండుగలకు గుమాస్తా సెలవు పెట్టాడు, వానలో సిరా కరిగింది, ముల్లు వంగింది. అటువంటి ఖాళీలు ఎక్కడైనా ఉండేవే. మద్రాసులో కంప్యూటరు నడిపేవారు పంపిన సూచనలలో, ఏ నెలలోనైనా ఖాళీ రోజులు ఉంటే ఆ నెలలోని మిగతా రోజుల సగటుతో నింపమని ఉంది. సుదర్శనం అలాగే నింపాడు. అంకెలన్నిటినీ ఆనాటి కంప్యూటరు చదివే అట్ట కార్డుల మీద రంధ్రాలుగా పొడిపించి, ఆ పెట్టెను ఒడిలో పెట్టుకుని బస్సులో మద్రాసుకు పోయి వచ్చాడు. కండక్టరు పెట్టెలోకి తొంగి చూసి, "ఇన్ని పేకముక్కలా సామీ? పెద్ద ఆటే మాదిరి ఉండాది!" అన్నాడట. ఆఫీసులో కొన్నాళ్ళు అది అందరికీ నవ్వు.

ఫలితం వచ్చింది. గీసిన ప్లాను ప్రకారం కడితే మే నెల మధ్యాహ్నం వార్డులో కొంత ఉక్క ఉంటుంది, బిడ్డలకు ప్రమాదం ఉండదు. నరసింహారెడ్డి గారు సంతోషించి నివేదిక మీద సంతకం చేశారు.

శెట్టిగారి మేడ మీద

ఉగాది దాటాక శెట్టిగారి అంగడి మేడ మీద ట్రస్టు సమావేశం జరిగింది. నరసింహారెడ్డి గారు నివేదికలోని ముఖ్య విషయం చదివి వినిపించారు. కమలమ్మగారు వింటూ కళ్ళద్దాలు తీసి చేత పట్టుకున్నారు.

"నిజంగానా రెడ్డిగారూ? మా పాత వార్డులో వేసవంటే నాకు గుండె దడ. కొత్తదాంట్లో ఏసీ లేకుండానే బాగుంటుందంటారా?"

"కంప్యూటరు చెప్పింది డాక్టరమ్మా. అది మన మాదిరి మొహమాటానికి చెప్పేది కాదు."

శెట్టిగారు తృప్తిగా తమలపాకు మడిచారు. "అయితే శంకుస్థాపన జ్యేష్ఠంలో పెట్టుకుందాం. కర్తరి దాటాల."

"ఇప్పుడే పెట్టేస్తే పోలేదా?" అన్నారు డాక్టరుగారు. "నాకు ఒక్కొక్క రోజూ ఒక యుగంగా ఉండాది."

"పెట్టి ఏం లాభమమ్మా? పునాది తవ్వేలోపల కర్తరి వచ్చేస్తాది. కర్తరిలో నా స్థలంలో గడ్డపార లేసేది లేదు. మా నాయన కాలంనుంచి ఇదే కట్టడి. ఆ దినాలు గేటుకు తాళమేసి, తాళంచెవి నా మొలతాడుకే కట్టుకుంటా. వాచ్‌మన్‌ను గూడా వాళ్ళ ఊరికి పంపించేస్తా."

చిత్తూరు జిల్లాలో ఇది అందరికీ తెలిసిన ఆచారం. మే మొదటివారంలో మొదలై నెల చివరి దాకా సాగే ఆ మండుటెండల కాలాన్ని కర్తరి అంటారు. మట్టి తవ్వరు, చెట్టు నరకరు, గోడ లేపరు. కూలీలు తమ ఊళ్ళకు పోతారు.

"మీ స్థలానికి తాళం వేస్తారు సరే. నా వార్డుకు ఎవరు వేస్తారు శెట్టిగారూ?" అన్నారు కమలమ్మగారు. "బిడ్డలు పంచాంగం చూసుకుని పుట్టరు. సరిగ్గా కర్తరిలోనే నాకు మంచాలు చాలవు."

అందరమూ నవ్వాము. సుదర్శనం మాత్రం నవ్వలేదు.

"ఏటా తాళం వేస్తారా అండి?" అని అడిగాడు.

"ఏటా."

"లోపలికి ఎవరూ పోరా?"

"పిల్లి గూడా పోదు సామీ."

"అయితే ఆ రోజుల్లో మా యంత్రానికి కీ ఎవరు ఇచ్చారండి?"

మొదట గ్రహించినది కమలమ్మగారు. ఆమె కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని అతని వైపు తిరిగారు.

"అంటే, మీరు లెక్కగట్టిన మే నెలలో కర్తరే లేదా?"

"లేదండి. నెల మొదట్లో కొన్ని రోజులు, మామిడి జల్లులు పడ్డాక చివర్లో కొన్ని రోజులు ఉన్నాయి. మధ్యలో ఖాళీని వాటితోనే నింపాను. మూడేళ్ళూ అంతే."

మూడు మే నెలలూ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయాయి కాబట్టి మాలో ఎవరికీ అనుమానం రాలేదు. కర్తరిలో స్థలం మూతబడుతుందని ఆ గదిలో తెలియనివారు లేరు. నరసింహారెడ్డి గారి తండ్రీ తాతా అదే ఆచారంలో బతికారు. నేనూ అంతే. మనకు మరీ తెలిసిన సంగతి మన లెక్కలోకి రాదు. ఎక్కడో దూరప్రాంతపు ఇంజనీరు అయితే, మే నెల కాగితాలు ఎందుకు లేవని మొదటి రోజే అడిగి ఉండేవాడు.

"చూసి చెప్తాం డాక్టరమ్మా" అని నరసింహారెడ్డి గారు లేచారు.

జీపులో

జీపు కదిలిందో లేదో ఆయన కోపం బయటపడింది.

"శ్రీహరికోటకు పోయి రాకెట్లు ఎగరేయాల్సినోడివి, దారి తప్పి నా నెత్తికెక్కినావు గదప్పా! ఆడ నోరు తెరిచేదానికి ముందు నా చెవిలో చెప్పకూడదా?"

"చెవిలో చెబితే ఏం చేసేవారండి?" అన్నాడు సుదర్శనం. పొగరు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అది ఇంకా ప్రమాదకరం.

"రేపట్నుంచి నువ్వు రావద్దు."

నేను పెద్ద ఇంజనీరును. నా మాటకు ఆఫీసులో కొంత విలువ ఉండేది. "నివేదిక మీద సంతకం మీది. వెనక్కు తీసుకోవలసినదీ మీరే. ఇతన్ని పంపేసినంత మాత్రాన ఆ మే నెలకు కర్తరి రాదు" అన్నాను. ఆయన మమ్మల్ని ఇళ్ళ దగ్గర దింపి వెళ్ళిపోయారు.

మరుసటి ఉదయం నేను వెళ్ళేసరికి సుదర్శనం ఆఫీసు గడప అవతల నిలబడి ఉన్నాడు. లోపలికి రావాలో, తిరిగి పోవాలో తేలక నిలబడ్డాడు. నరసింహారెడ్డి గారు వచ్చి అతన్ని పైనుంచి కిందికి చూశారు.

"ఏమప్పా, గడపకు పసుపు పూసేదానికి వచ్చినావా? లోపలికి నడువు. డాక్టరమ్మకు జాబు రాయాల. ఆ నివేదిక చెల్లదని రాయి. నేనే చెల్లదన్నానని రాయి."

ఈ వృత్తిలోకి వచ్చేవారిలో కొందరు రేపు పై అధికారులు అవుతారు. వారికి చెప్పేది ఇది. తప్పును వెల్లడించినవాడిని దండించే ఆఫీసులో, తరువాతి తప్పు ఎవరి నోటినుంచీ వెలువడదు. ఆ ఉదయం సుదర్శనం తిరిగి వెళ్ళిపోయి ఉంటే, మా సంస్థలో ఇంకెవరూ పెదవి విప్పేవారు కాదు.

తాళంచెవి

శంకుస్థాపన జ్యేష్ఠంలో. అంతలోపల కర్తరి ఎండ కొలవాలి. కొలవవలసిన రోజులలోనే గేటుకు తాళం. మేము అడిగితే శెట్టిగారు తల అడ్డంగా ఊపారు.

"వద్దు రెడ్డీ. పసిబిడ్డల కోసం కట్టేది. దోషం తగిలితే నేను ఎవరికి జవాబు చెప్పేది?"

ఆయన భయం మూర్ఖత్వం కాదు. ఆయన కూడా ఆ బిడ్డల క్షేమమే కోరుతున్నాడు. తనకు తెలిసిన మార్గంలో. దానిని వెక్కిరించి ఉంటే ఆ పని అక్కడితో ఆగేది. సుదర్శనం శెట్టిగారిని తన ఇంటికి, తండ్రి దగ్గరకు తీసుకువెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. ఆ పెద్దాయన చాప వేయించి, మజ్జిగ ఇప్పించి, విషయమంతా విన్నారు.

"సామీ, కీ తిప్పితే కర్తరిలో ఇనుప పనిముట్టు ఆడించినట్లు కాదా?" అని శెట్టిగారు అడిగారు.

"మీ ఇంట్లో గోడ గడియారం ఉన్నదా?"

"ఉండాది సామీ."

"కర్తరిలో దానికి కీ ఇవ్వడం మానేస్తారా?"

శెట్టిగారు ఆలోచనలో పడ్డారు. పెద్దాయన మెల్లగా అన్నారు: "కర్తరిలో తవ్వకూడదు, నరకకూడదు, కట్టకూడదు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు నాయనా. ఎండను చూడడమే గదా వీళ్ళు చేసేది."

శెట్టిగారు మొలతాడునుంచి తాళంచెవి విప్పి సుదర్శనం చేతిలో పెట్టారు. పెట్టి, "గడ్డపార మాత్రం ముట్టుకోవద్దు" అని మళ్ళీ ఒకసారి హెచ్చరించారు.

ఆ కర్తరిలో మేము రోజూ ఆ స్థలానికి పోయాము. కొండ మీది రాయి పగలంతా కాగి, సాయంత్రం ఆ వేడిని ఊరి మీదికి వదిలేది. సముద్రపు గాలి మద్రాసును మధ్యాహ్నమే చల్లబరుస్తుంది. తిరుపతికి అది వచ్చేసరికి పొద్దు గూకుతుంది. కొన్ని రోజులు అసలే రాదు. మరో యంత్రాన్ని పాత వార్డులో పెట్టాము. దాన్ని చూడడానికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం కమలమ్మగారు నరసింహారెడ్డి గారిని వాకిట్లోనే ఆపి, "కాగితం తర్వాత చూద్దురు గాని, ముందు లోపల కాసేపు నిలబడండి" అన్నారు.

రేకుల కింద వరుసగా మంచాలు. తడిపి కట్టిన దుప్పట్లు అప్పుడే ఆరిపోయాయి. కిటికీ పక్క మంచం మీద ఒక పల్లెటూరి పిల్ల, తానే ఇంకా చిన్నపిల్ల, బిడ్డకు చేటతో విసురుతోంది.

"ఏ ఊరమ్మా?" అని నరసింహారెడ్డి గారు అడిగారు.

"శ్రీకాళహస్తి పక్కన పల్లె సార్."

"బిడ్డ ఎట్లుండాడు?"

"పాలు తాగేదానికి గూడా వోపిక లేదు సార్. నోట్లో పెడితే వదిలేస్తాడు. ఎండ దిగితే తాగుతాడేమో." అని, మళ్ళీ విసరడం మొదలుపెట్టింది. విసిరే గాలి కూడా వేడిగానే ఉంది.

ఆయన బయటికి వచ్చి చాలాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. తరువాత సుదర్శనంతో, "లెక్క మొదట్నుంచి" అన్నారు. మేము ముందు ఇచ్చిన అంకెలతోనే కొత్త వార్డు కట్టి ఉంటే, అందులోనూ ఇటువంటి మధ్యాహ్నమే వచ్చేదని ముగ్గురికీ అర్థమైంది. ఆ బిడ్డ బతికాడు. అందరు బిడ్డలూ బతకలేదు. ఆ సంగతి కమలమ్మగారు మాకు చెప్పలేదు; మేము అడగలేదు; ఆమె ముఖం చూస్తే తెలిసేది.

గండపు సంవత్సరం

ఒక్క వేసవి కొలిచి ఊరి స్వభావం తెలుసుకోలేము. ఊరికి కొంత దూరంలో ఒక వ్యవసాయ క్షేత్రంలో చాలా ఏళ్ళుగా ఉష్ణోగ్రతలు చూస్తున్నారు. అక్కడ పశువులున్నాయి, రోజూ మేత వేయాలి, కాబట్టి కర్తరిలోనూ మనుషులుంటారు, కొలతా ఆగదు. అరువు వాతావరణం కూడదన్న మా నియమం వలన ఇంతకాలం ఆ కొలతలను మేము ముట్టుకోలేదు. ఇప్పుడు ఒకే కర్తరిలో అక్కడి వేడినీ, మా స్థలపు వేడినీ పోల్చి, తేడా ఎంతో తెలుసుకుని, ఆ తేడాతో అక్కడి పాత కొలతలను సవరించుకున్నాము. అరువు తెచ్చుకోవచ్చు, ఎంత తేడాతో తెచ్చుకుంటున్నామో తెలిసి ఉండాలి.

సుదర్శనం రెండు సంవత్సరాలు తయారు చేశాడు. ఒకటి సరైన నమూనా సంవత్సరం, ఈసారి కర్తరితో సహా. రెండవది అతని సొంత ఆలోచన. ప్రతి నెలకూ నడిమి నెలను కాక, రికార్డులో అతి కఠినమైన నెలను ఎంచి కుట్టాడు.

"ఇదెందుకప్పా?" అన్నారు నరసింహారెడ్డి గారు.

"నమూనా సంవత్సరంలో నడిమి ఎండలే ఉంటాయండి. అది తప్పు కాదు, దాని పని అది. ఏడాదికి కరెంటు ఎంత ఖర్చవుతుందో చెప్పడానికి అది చాలు. కాని బిడ్డకు కష్టమయ్యేది నడిమి రోజున కాదు గదండి."

ఆయన కాసేపు అతన్నే చూసి, "సరే. కరెంటు బిల్లుకు ఆ సంవత్సరం, బిడ్డకు ఈ గండపు సంవత్సరం" అన్నారు. తరువాత నేను పనిచేసిన ప్రతి చోటా ఆ మాట వాడాను. ఎవరిదని అడిగితే ఆయనదని చెప్పాను.

కార్డులు మళ్ళీ మద్రాసు వెళ్ళాయి. ఈసారి ఫలితం కఠినంగా వచ్చింది. పాత ప్లానులో మంచాల వరుస పడమటి గోడకు ఆనుకుని ఉంది. ఆ గోడ సాయంత్రానికి కాగి, బయట చల్లబడుతున్న వేళ లోపలికి వేడి వదులుతుంది. మిద్దె పరిస్థితి ఇంకా అన్యాయం. ప్లాను తిప్పేశాము. పడమట మెట్లు, సామాను గదులు పెట్టి ఎండ దెబ్బను వాటికి అప్పగించాము. మంచాలను ఉత్తరపు వరండా వైపు జరిపాము. మిద్దె మీద మట్టికుండలు బోర్లించి వాటి పైన సున్నపు పొర వేయాలన్నాము. కుండలోని గాలి వేడిని కిందికి దిగనివ్వదు. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు. మరీ బలహీనమైన బిడ్డల కోసం ఒక చిన్న గదికి మాత్రం ఏసీ, దానికి జనరేటరు.

"మిద్దె మీద కుండలా?" అని శెట్టిగారు బాధపడ్డారు. "శెట్టి ఆసుపత్రి కడతానని కుండలంగడి పెట్టినాడని ఊరంతా నవ్వతాది గదా!"

"నవ్వనీండి" అన్నారు కమలమ్మగారు. "ఆ నవ్వేవాళ్ళ కోడళ్ళు కానుపుకు ఈడికే వస్తారు."

జ్యేష్ఠంలో శంకుస్థాపన జరిగింది.

కొత్తవారికి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇక్కడ ఉంది. కొలతలలో ఖాళీలు ఊరికే పడవు. వాన సిరాను కరిగించినది వానాకాలంలోనే. గుమాస్తా సెలవు పెట్టినది పండుగకే. మనిషి తప్పుకున్న చోట ఖాళీ పడుతుంది. మనిషి తప్పుకునేది చాలాసార్లు బాధ ఎక్కువైన చోటే. ఆ ఖాళీని పక్క రోజుల సగటుతో నింపితే, బాధను చెరిపి సుఖాన్ని రాసినట్లవుతుంది. సూచనలలో అలా నింపమని ఉండవచ్చు. అయినా ముందు ఆ ఊరికి వెళ్ళి, ఆ రోజుల్లో ఇక్కడ ఏం జరుగుతుందని అడగండి. పంచాంగం కూడా ఒక వాతావరణ పత్రమే. దాన్ని నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం, చదవడం మాత్రం మీ విధి.

రెండవ మాట. ఏ లెక్కకైనా ముందు, ఇది ఎవరి కోసం అని అడగండి. డబ్బు కోసమైతే నడిమి సంవత్సరం చాలు. ప్రాణం కోసమైతే చాలదు.

వరండాలో

కొత్త వార్డులోకి మొదటి వేసవి వచ్చింది. కర్తరి నడుమ, గాలి కదలని ఒక మధ్యాహ్నం, ఊరంతా కరెంటు పోయింది. నరసింహారెడ్డి గారు మా ఇద్దరినీ జీపు ఎక్కించుకుని ఆసుపత్రికి బయలుదేరారు. సుదర్శనం ఒడిలో థర్మామీటర్ల పెట్టె. లెక్క ప్రకారం లోపల ఎంత ఉండాలో అతనికి కంఠతా వచ్చు. అయినా పెదవులు కదుపుతూ మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటున్నాడు.

వార్డు తలుపు దగ్గరకు చేరేసరికి కమలమ్మగారు లోపలినుంచి వచ్చి తలుపు దగ్గరగా లాగారు. మా చేతిలోని పెట్టెను చూశారు.

"ఇప్పుడు వద్దు రెడ్డిగారూ" అన్నారు గొంతు తగ్గించి. "తల్లులూ బిడ్డలూ అందరూ నిద్రపోతా ఉండారు. సాయంత్రం రండి."

నరసింహారెడ్డి గారు చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా, వరండాలోని బల్ల మీద కూర్చున్నారు. మేమూ కూర్చున్నాము.